మనిషి కొలతకు అందని తెల్లకణాలు

పశువుల ఆస్పత్రిలోనైనా, మనుషుల ఆస్పత్రిలోనైనా రక్తపరీక్ష మొదలయ్యే తీరు ఒకటే. గాజు పలక మీద ఒక చుక్క రక్తం వేస్తారు. రెండో పలక అంచుతో దాన్ని పల్చటి పొరగా లాగుతారు. ఆరాక లీష్మన్ రంగు పోసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెడతారు. ఎర్రకణాలు కుప్పలుగా కనిపిస్తాయి. వాటి మధ్య అక్కడక్కడా ఊదారంగు కేంద్రకాలున్న పెద్ద కణాలుంటాయి. అవి తెల్లకణాలు. ఒంట్లో దూరిన సూక్ష్మజీవిని పట్టుకునేవీ, మింగేవీ, మళ్ళీ వస్తే గుర్తుపట్టేవీ అవే.

ఇంతవరకూ మనిషికీ ఆవుకీ తేడా లేదు. కంటికటకాన్ని కాస్త తిప్పి, ఒక్కొక్క తెల్లకణాన్నీ నిదానంగా చూడడం మొదలుపెట్టాకే అసలు విషయం బయటపడుతుంది. గుర్రం, పిల్లి, కుందేలు, చిట్టెలుక, ఏనుగు, ఇవన్నీ మనలాగే పిల్లలకు పాలిచ్చి పెంచే జాతులు. వీటి తెల్లకణాలు చేసే పని చాలావరకు ఒకటే. రూపం మాత్రం దేనిది దానిదే. ఆ రూపాల్ని ఎరగనివాళ్ళు ఆరోగ్యంగా ఉన్న జంతువుకు జబ్బు అంటగడతారు, జబ్బున్నదాన్ని బాగానే ఉందని ఇంటికి పంపేస్తారు. పశువుల ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళకు ఇది రోజూ ఎదురయ్యే విషయం. మనుషుల వైద్యం చదివేవాళ్ళు కూడా తెలుసుకోవాలని నా కోరిక. ఎందుకంటే మనం మింగే మందుల్లో చాలా భాగం ముందు ఎలుకల మీద పరీక్షించి వచ్చినవే.

ముందుగా కొలతల సంగతి. చిట్టెలుక బరువు పాతిక గ్రాములు, పెద్ద ఏనుగు బరువు నాలుగైదు టన్నులు. అయినా గాజు పలక మీద రెండింటిలోనూ న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు 10 నుంచి 15 మైక్రాన్ల మధ్యే ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఒళ్ళు పెరిగితే కణాల సంఖ్య పెరుగుతుంది గాని, కణం పెద్దది కాదు. సూక్ష్మ రక్తనాళాల్లోంచి దూరి, వాటి గోడల సందుల్లోంచి బయటికి జారిపోవాల్సిన కణం ఏ జంతువులోనైనా ఆ సందులకు తగ్గట్టే ఉండాలి కదా. ఎర్రకణాలు అలా కాదు. మేకలో అవి 3, 4 మైక్రాన్లే, మనిషిలో 7, 8, ఏనుగులో 9 దాటతాయి. అందుకే మేక రక్తం చూస్తున్నప్పుడు పక్కనున్న తెల్లకణం భారీగా కనిపిస్తుంది. చుట్టూ ఉన్నవి చిన్నవి కాబట్టి కంటికి అలా అనిపిస్తుంది, అంతే. మేక రక్తం అలవాటు లేని కన్ను ఇక్కడే మొదట మోసపోతుంది.

ఈ కణాల్ని మొదట రంగులతో విడదీసినవాడు పాల్ ఎర్లిష్. 1879 నాటికి ఆయనకు పాతికేళ్ళు. బట్టలకు అద్దడం కోసం రాక్షసిబొగ్గు తారులోంచి కొత్త కొత్త రంగులు తయారవుతున్న కాలం అది. ఎర్లిష్ ఆ రంగుల్ని రక్తం మీద పోసి చూశాడు. ఇయోసిన్ అనే ఎర్రటి ఆమ్ల రంగును పీల్చుకున్న రేణువులున్న కణాలు ఇయోసినోఫిల్స్ అయ్యాయి. నీలపు క్షార రంగును పీల్చుకున్నవి బేసోఫిల్స్ అయ్యాయి. ఈ రెంటికీ మధ్యస్థంగా లేత రంగు పట్టినవి న్యూట్రోఫిల్స్ అయ్యాయి. ఈ కణాలు సూక్ష్మజీవుల్ని మింగేస్తాయన్న ఆలోచన ఇల్యా మెచ్నికాఫ్‌ది. 1882లో ఇటలీలోని మెసీనాలో నక్షత్ర చేప పిల్లల మీద ప్రయోగాలు చేస్తుండగా ఆయనకు ఆ ఆలోచన తట్టింది. 1908లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఎర్లిష్ విభజన మనిషి రక్తానికి చక్కగా సరిపోయింది. కుందేలు రక్తం దగ్గరికి వచ్చేసరికి తిరగబడింది. కుందేలులో న్యూట్రోఫిల్ పని చేసే కణంలోని రేణువులు తేలిపోవు, ఎర్రగా మెరుస్తాయి. మనిషి రక్తం చూడడానికి అలవాటుపడ్డ విద్యార్థికి కుందేలు స్లైడు ఇస్తే, కనపడ్డ ఎర్రటి కణాన్నల్లా ఇయోసినోఫిల్ అని లెక్క రాస్తాడు. కుందేలుకు ఘోరమైన ఎలర్జీ ఉందనో, కడుపునిండా నులిపురుగులున్నాయనో తేలుస్తాడు. నిజానికి ఆ కుందేలు నిక్షేపంగా ఉంటుంది. గినీ పిగ్‌లోనూ, ఏనుగులోనూ ఇదే కథ. ఈ జంతువుల్లోని ఆ కణాలను హెటెరోఫిల్స్ అంటారు. అసలు ఇయోసినోఫిల్స్ కుందేలులో విడిగా ఉంటాయి. వాటి రేణువులు ఇంకాస్త పెద్దవి, ఇంకాస్త గుండ్రనివి. రెండూ ఒకే చోట పక్కపక్కన కనిపించినప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తుంది. విడివిడిగా కనిపిస్తే ఓపిక కావాలి.

అదే కుందేలు మనకు ఒక గొప్ప సంగతి కూడా చెప్పింది. 1966లో డొరతీ బెయిన్టన్, మారిలిన్ ఫార్క్వార్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుందేలు ఎముక మజ్జలో ఎదుగుతున్న కణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూశారు. ఒకే కణంలో రెండు రకాల రేణువులు ఒకదాని తర్వాత ఒకటి తయారవుతున్నాయనీ, మొదటి రకం కణంలో రేణువులు తయారయ్యే గాల్జీ సంక్లిష్టం అనే భాగానికి ఒక ముఖం నుంచీ రెండో రకం ఎదురు ముఖం నుంచీ వస్తున్నాయనీ చూపించారు. న్యూట్రోఫిల్ రేణువుల గురించి నేటి పాఠ్యపుస్తకాలు చెప్పేదానికి పునాదుల్లో ఇది ఒకటి. ఆ పునాది కుందేలు మూలుగలో పడింది.

ఇక ఇయోసినోఫిల్స్ దగ్గరికి వద్దాం. తెల్లకణాలన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనవి ఇవే, దాచుకోను. గుర్రం ఇయోసినోఫిల్‌ను ఒక్కసారి చూసినవాళ్ళు మళ్ళీ మరిచిపోరు. రేణువులు ఎంత పెద్దవంటే, కణం నిండా కిక్కిరిసి, అంచుల్ని బయటికి తోసుకొచ్చి, చూడడానికి అచ్చం ఎర్రటి సీతాఫలంలా ఉంటుంది. లోపలి కేంద్రకం సగం కనపడదు. ఆవులో అదే కణంలో రేణువులు చిన్నవి, లెక్కకు మిక్కిలి, అన్నీ ఒకే పరిమాణం. పిల్లిలో రేణువులు గుండ్రంగా ఉండవు, సన్నగా పొడుగ్గా కడ్డీల్లా ఉంటాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే వాటి మధ్యలో పొరలు పొరలుగా పేర్చిన స్ఫటికం కనిపిస్తుంది. మనిషి ఇయోసినోఫిల్ రేణువులోనూ నడుమ ఒక స్ఫటికం ఉంటుంది. గట్టి క్షార స్వభావం గల ఒక ప్రోటీను అక్కడ దట్టంగా పేరుకుని ఉంటుంది. నులిపురుగుల ఒంటి మీద కుమ్మరించేది దాన్నే.

కుక్కల్లో రేణువుల పరిమాణం ఒక్కో కణంలో ఒక్కోలా ఉంటుంది. గ్రేహౌండ్ జాతిలో ఇంకో చిక్కు. వాటి ఇయోసినోఫిల్స్‌లో రేణువులు రంగు పట్టవు. రేణువులు ఉండాల్సిన చోట ఖాళీ బుడగలు కనిపిస్తాయి. కణం బూడిదరంగులో, న్యూట్రోఫిల్‌కు విషం సోకినప్పుడు ఉండేలా తోస్తుంది. జాతి పేరు రాయకుండా రక్తం పంపితే, చూసేవాళ్ళు ఇయోసినోఫిల్స్ సున్నా అని, న్యూట్రోఫిల్స్‌లో విషలక్షణాలు ఉన్నాయని రాసే ప్రమాదం ఉంది. పరుగుపందేల కోసం పెంచిన ఆరోగ్యమైన కుక్కకు లేని జబ్బుకు మందులు మొదలవుతాయి. రేణువులకు రంగు పట్టకపోవడం ఆ జాతికి పుట్టుకతో వచ్చిన లక్షణం, అంతకుమించి ఏమీ లేదు.

బేసోఫిల్స్ గురించి ఎక్కువసేపు చెప్పను, అవి దొరకడమే అరుదు. గుర్రంలోనూ ఆవులోనూ ముదురు ఊదా రేణువులతో తేలిగ్గా దొరికిపోతాయి. పిల్లిలో ఆ రేణువులు లేత బూడిద ఊదారంగులో ఉండి కన్ను జారిపోతాయి. కుక్కలో రేణువులు కొద్దిగానే ఉంటాయి, పొడుగ్గా మెలికలు తిరిగిన కేంద్రకమే ఆనవాలు. చిట్టెలుకలో ఇవి ఎంత తక్కువంటే, అసలు ఉన్నాయా లేవా అని శాస్త్రవేత్తలు చాలాకాలం వాదించుకున్నారు.

ఇప్పుడు మనిషి రక్తంలో సంఖ్యలో అన్నిటికంటే ముందుండే న్యూట్రోఫిల్. మనిషిలో దీని కేంద్రకం మూడు నుంచి ఐదు తమ్మెలుగా విడిపోయి, సన్నటి పోగులతో కలిసి ఉంటుంది. గుర్రంలో తమ్మెల మధ్య పోగులు అంత తేటగా కనపడవు, అంచులు గరుకుగా ఉంటాయి. చిట్టెలుకలో కేంద్రకం ఉంగరంలా గుండ్రంగా చుట్టుకుని, మధ్యలో రంధ్రంతో ఉంటుంది. ఎదుగుతున్న తొలి దశల్లోనే ఆ రంధ్రం ఏర్పడుతుంది. తమ్మెలైనా ఉంగరమైనా ప్రయోజనం ఒకటేనని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఇరుకు సందుల్లోంచి దూరేటప్పుడు గుండ్రటి గట్టి కేంద్రకం అడ్డుపడుతుంది, విడివిడి ముక్కలు ఒకదాని వెనక ఒకటి జారిపోతాయి.

ఈ తమ్మెలు ఏర్పడాలంటే కేంద్రకపు పొరలో ఉండే లామిన్ బి రిసెప్టర్ అనే ప్రోటీను సరిగా ఉండాలి. దాని జన్యువులో ఒక ప్రతి చెడితే కేంద్రకం రెండు తమ్మెల దగ్గరే ఆగిపోతుంది. 1928లో పెల్గర్ అనే డచ్ వైద్యుడు దీన్ని మనుషుల్లో గమనించాడు. 1931లో హూయెట్ అనే వైద్యుడు ఇది వంశపారంపర్యమని చెప్పాడు. పెల్గర్ హూయెట్ లక్షణం అంటారు. ఇదే లక్షణం కుందేళ్ళలో ఉంది, ఆస్ట్రేలియన్ షెపర్డ్ కుక్కల్లో మరీ ఎక్కువ. ఈ మనుషులూ ఈ కుక్కలూ మామూలుగానే బతుకుతారు. చిక్కంతా రక్తపరీక్షతోనే. తమ్మెలు విడని న్యూట్రోఫిల్స్ గుంపుగా కనిపిస్తే, ఒంట్లో తీవ్రమైన చీముపట్టే జబ్బు ఉందనీ, మజ్జ పచ్చికణాల్ని బయటికి తోసేస్తోందనీ వైద్యులు అర్థం చేసుకుంటారు. జ్వరం లేకుండా హుషారుగా తోక ఊపుతున్న కుక్క ఎదురుగా ఉన్నా, కాగితం మీద లెక్క మాత్రం చావుబతుకుల్లో ఉందని చెబుతుంది. కాగితం కంటే కుక్కను నమ్మాలి.

తమ్మెలు తగ్గడం ఒక సంగతైతే, పెరగడం ఇంకోటి. మనుషుల్లో ఫోలిక్ ఆమ్లమో, బి12 విటమినో తక్కువైనప్పుడు న్యూట్రోఫిల్ కేంద్రకం ఆరు, ఏడు తమ్మెలకు చీలుతుంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అది అందుబాటులోకి వచ్చాక ఎందరో గర్భిణుల రక్తహీనత నయమైంది. అదే ఎక్కువ తమ్మెల న్యూట్రోఫిల్, దాంతోపాటు పెద్ద పెద్ద ఎర్రకణాలు కొన్ని పూడిల్ కుక్కల్లో పుట్టుకతోనే ఉంటాయి. వాటికి రక్తహీనతా లేదు, విటమిన్ లోటూ లేదు. ఒకే గుర్తు మనిషిలో రోగం, ఆ కుక్కలో వంశలక్షణం.

న్యూట్రోఫిల్స్ ఎన్ని అన్నది కూడా ముఖ్యమే. ఆరోగ్యంగా ఉన్న మనిషి తెల్లకణాల్లో 50 నుంచి 70 శాతం న్యూట్రోఫిల్స్. చిట్టెలుకలో 10 నుంచి 25 శాతమే, మిగతావన్నీ దాదాపు లింఫోసైట్లు, మళ్ళీ వచ్చిన సూక్ష్మజీవిని గుర్తుపట్టే కణాలు. పైగా మనిషి న్యూట్రోఫిల్ రేణువుల్లో డిఫెన్సిన్ అనే సూక్ష్మజీవనాశక పదార్థాలు పుష్కలంగా ఉంటే, చిట్టెలుక న్యూట్రోఫిల్స్‌లో అవి ఉండవు. చిట్టెలుక మీద పనిచేసిన మందు మనిషిలో తేలిపోయినప్పుడు అందరూ ఆశ్చర్యపోతారు. రక్తపు స్లైడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళకు ఆ ఆశ్చర్యం సగం తగ్గుతుంది.

ఆవులో కూడా లింఫోసైట్లదే పైచేయి. ఆవు మజ్జలో నిల్వ ఉండే న్యూట్రోఫిల్స్ తక్కువ. దీని ఫలితం పాడిరైతుకు నేరుగా తగులుతుంది. తీవ్రమైన పొదుగు వాపు వచ్చిందనుకోండి. కుక్కలోనో మనిషిలోనో అయితే అంతటి చీము జబ్బుకు గంటల్లో తెల్లకణాల సంఖ్య పైకి లేస్తుంది. ఆవులో మొదటి ఒకటి రెండు రోజులు సంఖ్య పడిపోతుంది. రక్తంలో ఉన్న కొద్దిపాటి న్యూట్రోఫిల్సూ పొదుగులోకి పరిగెత్తిపోతాయి, వెనక నిల్వ లేదు. మనిషి కొలతతో చూసేవారికి ఆ రిపోర్టు ధైర్యం చెబుతుంది, తెల్లకణాలు పెరగలేదు కదా అని. పశువైద్యుడికి అదే రిపోర్టు గుండె జారుస్తుంది.

సంఖ్యలో తక్కువైనా ఆవు న్యూట్రోఫిల్‌కు ఒక ప్రత్యేకమైన ఆయుధం ఉంది. 1983లో ఇటలీ, స్విట్జర్లాండ్ పరిశోధకులు ఆవు న్యూట్రోఫిల్‌లో మనిషిలో కనపడని మూడో రకం రేణువుల్ని కనిపెట్టారు. మిగతా రెండు రకాలకంటే ఇవి పెద్దవి, దట్టమైనవి. గొర్రెల్లోనూ మేకల్లోనూ ఇవి ఉన్నాయి. వీటిలో ఉండేవి క్యాథెలిసిడిన్స్ అనే పదార్థాలు, బ్యాక్టీరియా పొరను చీల్చేసే చిన్న చిన్న ప్రోటీను ముక్కలు. వాటిలో ఒకటైన ఇండోలిసిడిన్‌లో ఉన్నవి 13 అమైనో ఆమ్లాలే. యాంటీబయాటిక్‌లకు లొంగని క్రిములు పెరుగుతున్న ఈ రోజుల్లో, ఆవు తెల్లకణంలోని ఈ పదార్థాలను పోలిన మందులకోసం ప్రయోగశాలల్లో వెతుకులాట సాగుతోంది.

ఏనుగు సంగతి వేరు. ఏనుగు రక్తంలో రెండు తమ్మెల కేంద్రకంతో, సన్నటి వంతెనతో కలిసినట్టు ఉండే కణాలు చాలా కనిపిస్తాయి. చాలాకాలం వీటిని లింఫోసైట్లని లెక్కవేశారు. రంగుల పరీక్షలు చేశాక అవి మోనోసైట్లని తేలింది. మోనోసైట్ అంటే రక్తంలోంచి కండల్లోకీ అవయవాల్లోకీ వెళ్ళి, అక్కడ మాక్రోఫేజ్ అనే పెద్ద మింగుడు కణంగా మారేది. లింఫోసైట్ పని వేరు. ఈ తప్పు లెక్కతో జబ్బుపడ్డ ఏనుగు రక్తాన్ని చదివితే ఏమవుతుందో ఊహించుకోండి. మనిషి రక్తం కోసం అమర్చిన కణాల లెక్కింపు యంత్రం ఏనుగు రక్తానికి ఇచ్చే సంఖ్యల్ని కంటితో సరిచూడకుండా నమ్మకూడదు.

గినీ పిగ్‌లో, దాదాపు ఇంకెక్కడా కనపడని ఒక కణం ఉంది. లింఫోసైట్ లాంటి కణంలో కేంద్రకాన్ని పక్కకు నెట్టేస్తూ ఒక పెద్ద గుండ్రటి ముద్ద ఉంటుంది. కుర్లోఫ్ అనే రష్యన్ వైద్యుడు ఎర్లిష్ దగ్గర పనిచేస్తూ దీన్ని వర్ణించాడు. దీన్ని కుర్లోఫ్ కణం అంటారు. గినీ పిగ్‌కూ, దాని దగ్గరి బంధువులైన దక్షిణ అమెరికా జంతువులకూ మాత్రమే ఇది పరిమితం. ఆడవాటిలో ఎక్కువ, చూడితో ఉన్నప్పుడు మరీ ఎక్కువ, మాయలో గుంపులుగా చేరతాయి. తల్లి రోగనిరోధక కణాల బారి నుంచి కడుపులోని పిల్లను కాపాడడంలో వీటికి పాత్ర ఉందని కొందరు పరిశోధకుల భావన. ఎరగనివాళ్ళు ఈ ముద్దను చూసి పరాన్నజీవి అనుకుంటారు.

ఇంతసేపూ రక్తంలో తిరిగే కణాల గురించే చెప్పాను. కణం ఎలా ఉంటుందన్నదే కాదు, ఎక్కడ ఉంటుందన్నది కూడా జాతిని బట్టి మారుతుంది. ఈ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది కాబట్టి కాస్త ఆగి చెబుతాను. మనిషిలో, కుక్కలో, ఎలుకలో రక్తంలో చేరిన బ్యాక్టీరియాను ఏరివేసే మాక్రోఫేజ్‌లు ప్రధానంగా కాలేయంలోనూ ప్లీహంలోనూ ఉంటాయి. ఆవు, గొర్రె, మేక, పంది, గుర్రం, పిల్లి, వీటిలో ఆ కణాలు ఊపిరితిత్తుల్లోని సూక్ష్మ రక్తనాళాల లోపలి గోడకు అంటుకుని, రక్తప్రవాహానికి ఎదురుగా కూర్చుని ఉంటాయి. 1970, 80 దశకాల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసినప్పుడు ఇవి అక్కడ తాత్కాలికంగా ఆగిన మోనోసైట్లు కావనీ, గోడతో గట్టి అతుకులు వేసుకున్న స్థిరమైన కణాలనీ తేలింది. పందిపిల్ల పుట్టినప్పుడు ఇవి చాలా తక్కువగా ఉంటాయి. తర్వాతి వారాల్లో నిండుతాయి.

ఎలుక రక్తనాళంలోకి బ్యాక్టీరియాను ఎక్కిస్తే ఎక్కువ భాగం కాలేయానికి చేరుతుంది. గొర్రెలోకి ఎక్కిస్తే ఎక్కువ భాగం ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటుంది. కొన్ని బ్యాక్టీరియాల పైపొరలో ఎండోటాక్సిన్ అనే విషం ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లోని ఈ మాక్రోఫేజ్‌లకు తగలగానే, అవి రక్తనాళాల్ని బిగించే, గోడల్ని లీకు చేసే రసాయనాల్ని వదులుతాయి. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, జంతువు ఊపిరాడక గిలగిలలాడుతుంది. ప్రయోగాల్లో ఈ కణాల్ని ముందుగా తగ్గించి, ఆ తర్వాత ఎండోటాక్సిన్ ఇస్తే గొర్రెల్లో, గుర్రాల్లో ఆ ఉపద్రవం చాలావరకు తగ్గింది. గుర్రానికి పేగు మెలికపడి కడుపునొప్పి వచ్చినప్పుడు పశువైద్యుడు ఎండోటాక్సిన్‌కు ఎందుకంత భయపడతాడో, ఎలుక అదే విషాన్ని ఎంతో ఎక్కువ మోతాదులో ఎలా తట్టుకోగలదో చెప్పడానికి ఈ కణాల చిరునామా కొంత సాయపడుతుంది.

ఇన్ని తేడాల మధ్య, జాతులన్నిటినీ ఒకే తాటి మీదికి తెచ్చే జబ్బు ఒకటుంది. 1943లో క్యూబాలో బెగేజ్ సీజర్ అనే వైద్యుడు ఒక కుటుంబంలోని పిల్లల్లో దాన్ని గుర్తించాడు. 1952లో అదే దేశంలో షెడియాక్, 1954లో జపాన్‌లో హిగాషి మరింత వివరంగా రాశారు. షెడియాక్ హిగాషి జబ్బు అంటారు. ఈ పిల్లల జుట్టు వెండి మెరుపుతో పాలిపోయి ఉంటుంది, ఎండకు కళ్ళు ఓర్చుకోవు, మాటిమాటికీ జబ్బుపడతారు. రక్తం స్లైడు మీద వేస్తే న్యూట్రోఫిల్స్‌లో మామూలు రేణువుల బదులు ఒకదానితో ఒకటి కలిసిపోయిన రాక్షస రేణువులు కనిపిస్తాయి. కణాల లోపలి సంచుల్ని సరైన చోటికి, సరైన పరిమాణంలో చేర్చే వ్యవస్థ చెడిపోయింది. చర్మానికి, జుట్టుకు రంగునిచ్చే రేణువులూ అదే కుటుంబానికి చెందిన సంచులే. అందుకే రంగూ, రోగనిరోధక శక్తీ రెండూ కలిసి పోతాయి. మూలుగ మార్పిడి చేస్తే రక్తకణాల లోపం సరిదిద్దవచ్చు.

ఈ రాక్షస రేణువులు హియర్‌ఫర్డ్ ఆవుల్లో దొరికాయి. పొగరంగు పర్షియన్ పిల్లుల్లో దొరికాయి. బీజ్ అనే లేత రంగు చిట్టెలుకల్లో దొరికాయి. 1970లో కెనడా పశ్చిమ తీరంలో చిమో అనే తెల్లటి ఓర్కా తిమింగలాన్ని పట్టుకున్నారు. దాని రక్తంలోనూ ఇవే కనిపించాయి. అది 1972లో చనిపోయింది. 1996లో మనిషిలోనూ చిట్టెలుకలోనూ చెడినది ఒకే జన్యువు అని తేలింది.

వీటన్నిటిలో నన్ను బాధపెట్టేది అల్యూషియన్ మింక్ కథ. మింక్ అనేది బొచ్చు కోసం పెంచే ముంగిసలాంటి జంతువు. నీలిబూడిద రంగు మింక్ బొచ్చుకు మంచి ధర పలకడంతో పెంపకందారులు ఆ రంగు పిల్లల్నే ఏరి, వాటినే జతకట్టించి పెంచారు. ఆ రంగు షెడియాక్ హిగాషి లోపపు రంగేనని అప్పుడు వాళ్ళకు తెలియదు. రంగుతోపాటు, క్రిములను సరిగా చంపలేని తెల్లకణాలను కూడా తరతరాలుగా పెంచి పోషించారు. తర్వాత ఒక పార్వోవైరస్ మింక్ ఫారాల్లో వ్యాపించినప్పుడు ఆ నీలిబూడిద మింకులే అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువగా రాలిపోయాయి. అందం కోసం ఒక జంతువును ఎంచుకునేవాళ్ళు దాని ఒంట్లో ఇంకేం ఎంచుకుంటున్నారో చూసుకోవడం బాధ్యత. ఈ మాట కుక్కల్ని, పిల్లుల్ని జాతి చూసి, రంగు చూసి కొనుక్కునే మన నగరాల వాళ్ళకూ వర్తిస్తుంది.

ఇక మన దగ్గరి సంగతులు రెండు చెబుతాను. రెండూ పిడుదులతో వచ్చేవి, రెంటి ఆనవాలూ తెల్లకణం లోపలే దొరుకుతుంది. మన ఊళ్ళలో కుక్కలకు పిడుదు జ్వరం మామూలే. దాన్ని తెచ్చే క్రిముల్లో ఒకటి ఎర్లీషియా కేనిస్, పాల్ ఎర్లిష్ గౌరవార్థం పెట్టిన పేరు. ఇది కుక్క మోనోసైట్‌లోనే కాపురం పెడుతుంది. అదృష్టం బాగుంటే మోనోసైట్ లోపల నీలి ఊదారంగు చిన్న గుత్తిగా కనిపిస్తుంది. చాలా కేసుల్లో కనిపించదు, ప్లేట్‌లెట్లు పడిపోవడమే సూచన. కనపడలేదు కాబట్టి లేదని అనుకోకూడదు.

రెండోది థైలేరియా. పాల దిగుబడి కోసం మనం జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి ఆవుల్ని తెచ్చుకున్నాం. పిడుదుల ద్వారా ఈ పరాన్నజీవి వాటి తెల్లకణాల్లోకి దూరి, ఆ కణాలు క్యాన్సర్ కణాల్లా అదుపు లేకుండా విభజించుకునేలా చేస్తుంది. కణం రెండుగా చీలినప్పుడల్లా తాను కూడా రెండుగా చీలి రెండింటిలోనూ ఉండిపోతుంది. నాటు పశువులు దీన్ని చాలావరకు తట్టుకుంటాయి, సంకరజాతివి తట్టుకోలేవు. భుజం ముందున్న బిళ్ళ ఉబ్బుతుంది, జ్వరం తగ్గదు, మేత మానేస్తుంది. ఆ బిళ్ళలోంచి సూదితో కొంచెం రసం తీసి రంగు వేసి చూస్తే, తెల్లకణం లోపల కోచ్ నీలి దేహాలు అనే ఈ పరాన్నజీవి రూపాలు కనిపిస్తాయి. బుపార్వాక్వోన్ ఇంజక్షన్ పరాన్నజీవిని చంపితే ఆ పిచ్చి విభజన ఆగిపోతుంది. దీనికి టీకా కూడా ఉంది, రక్షావాక్ టి. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారు చేస్తుంది. పరాన్నజీవి చేరిన తెల్లకణాలను ప్రయోగశాలలో తరాల తరబడి పెంచి, దాని ఉగ్రతను తగ్గించి చేసిన టీకా అది. బతికున్న కణాలు కాబట్టి ద్రవ నైట్రోజన్‌లో భద్రపరచాలి.

పశువు నుంచి గాని, పెంపుడు కుక్క, పిల్లి నుంచి గాని రక్తం పరీక్షకు పంపేవాళ్ళకు నా విన్నపం ఒకటుంది. గొట్టంలో పోసిన రక్తంలో గంటలు గడిచేకొద్దీ తెల్లకణాలు ఉబ్బి, బుడగలు వచ్చి, కేంద్రకం ముడుచుకుపోతుంది. అప్పుడు అది ఏ జంతువు కణమో, జబ్బుదో మంచిదో చెప్పడం కష్టం. అందుకని రక్తం తీసిన చోటే, తీసిన వెంటనే రెండు స్లైడులు లాగి ఆరబెట్టండి. ఫార్మాలిన్ సీసాతో కలిపి ఒకే డబ్బాలో పెట్టకండి, దాని ఆవిరికి రంగు సరిగా పట్టదు. స్లైడు మీద పెన్సిలుతో జంతువు ఏదో రాయండి, దాని జాతి రాయండి, వయసు రాయండి, చూడిదైతే ఆ సంగతీ రాయండి.